నడుము నొప్పి అనుకున్నాం, కానీ తగ్గడం లేదు: మా గుర్రం నిలబడే తీరు చూసి సలహా చెప్పండి

పెన్నా_గట్టు | అక్టోబరు 6, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, పెన్నా కట్టకు దగ్గర్లో ఉంటాం. మా నాన్న రోజుల నుంచి పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని పంపడమే మా పని. ఇప్పుడున్నది తొమ్మిదేళ్ల నుక్రా రకం తెల్ల ఆడగుర్రం, పేరు చాందిని. రెండు నెలలుగా దాని వాలకం బాగాలేదు. కొట్టంలో ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఒక ముందుకాలు జానెడు ముందుకు చాపి పెడుతుంది, కాసేపటికి అది వెనక్కి తీసుకుని రెండోది చాపుతుంది. నడిస్తే అడుగులు దగ్గర దగ్గరగా పడుతున్నాయి. మట్టి మీద పర్లేదు, తారు రోడ్డు ఎక్కితే తడబడుతోంది. పోయిన నెల ఒక ఊరేగింపులో ముందుకు తూలి మోకాళ్ల మీద పడబోయింది, పైన పెళ్లికొడుకు ఉన్నాడు, నాకు చెమటలు పట్టేశాయి.

చూపించకుండా లేము. నడుము పట్టేసిందని సూదులు వేశారు, వేసిన నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ అంతే. ఇంకొకాయన భుజం జారిందన్నాడు, నూనె మర్దన చేయించాం. వీపు మీద చెయ్యి ఆనిస్తే చర్మం వణికిస్తూ పక్కకు జరుగుతుంది కాబట్టి నడుమే అని మేమూ నమ్మాం. కార్తీకంలో నాలుగు ఊరేగింపులు ఒప్పుకున్నాం. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది ఎవరైనా చూశారా?

కావలి_అక్క | అక్టోబరు 6, రాత్రి 10.15

తమ్ముడూ, ముందు ఆ నాలుగూ రద్దు చెయ్యి. తడబడే గుర్రం మీద మనిషిని ఎక్కించకూడదు, చుట్టూ డప్పులు, టపాకాయలు, పిల్లలు. పడితే దానికీ ప్రాణం మీదకొస్తుంది, పైవాళ్లకీ వస్తుంది.

ఫొటోలు పెట్టు. సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, ఫోను నేలకి ఆనించి, డెక్క ఎత్తులో పక్క నుంచి ఒక్కో కాలికి ఒకటి. తర్వాత ఎదురుగా ఒకటి, వెనక నుంచి ఒకటి. కాలెత్తి అడుగు శుభ్రం చేసి అడుగు భాగం కూడా. పై నుంచి వంగి తీస్తే కోణం తెలియదు, అందరూ చేసే తప్పు అదే. గట్టి నేల మీద నడిపిస్తూ పక్క నుంచి స్లో మోషన్‌లో వీడియో కూడా తియ్యి, డెక్కలో ఏ భాగం ముందు నేలకి తగులుతోందో చూడాలి.

లాడం_కొలిమి | అక్టోబరు 7, ఉదయం 5.50

అన్నా, ఒకటే అడుగుతాను. చివరిసారి లాడాలు ఎప్పుడు మార్చారు?

పెన్నా_గట్టు | అక్టోబరు 7, మధ్యాహ్నం 1.20

అక్కా, ఫొటోలు, వీడియో పెట్టాను. ఇద్దరికి ఫోన్ చేసి రద్దు చెప్పాను, మిగతా ఇద్దరికీ సాయంత్రం చెప్తాను.

అన్నా, లాడాలు జూన్‌లో కొట్టించాం. ఇంకా అరగలేదు, మేకులు కూడా గట్టిగానే ఉన్నాయి, అందుకని మార్చలేదు.

లాడం_కొలిమి | అక్టోబరు 7, రాత్రి 8.30

ఆ చివరి మాటలోనే ఉంది అన్నా అంతా. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మాది పొదిలి వైపు. మా తాత ఎద్దులకు లాడాలు కొట్టేవాడు, జట్కా బండ్లు తిరిగిన రోజుల్లో గుర్రాలకూ కొట్టేవాడు. నేను బెంగళూరులో ఒక గుర్రాల శాలలో ఆరేళ్లు పనిచేసి వచ్చాను. జట్కా గుర్రం రోజంతా రోడ్డు మీద తిరిగేది, నెల తిరిగేసరికి లాడం పల్చబడి ఊడే స్థితికి వచ్చేది, కొత్తది కొట్టేముందు తాత డెక్క తరిగేవాడు. అంటే లాడం అరగడమే ఆ గుర్రానికి క్యాలెండరు. పెళ్లి గుర్రం అలా కాదు. సీజన్‌లో కొన్ని రాత్రులు నడుస్తుంది, మిగతా రోజులు కొట్టంలో ఉంటుంది. ఇనుము అరగదు. మనం ఇనుము వైపు చూసి బాగుందనుకుంటాం, కింద డెక్క మాత్రం మన గోరులాగే పెరుగుతూనే ఉంటుంది. నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు. జూన్ నుంచి అక్టోబరు అంటే నాలుగు నెలలు, రెండున్నర నుంచి నాలుగు సెంటీమీటర్ల దాకా పెరుగుదల. లాడం ఉంది కాబట్టి సహజంగా అరిగే దారి లేదు.

ఆ పెరుగుదల నిలువుగా రాదు, వాలుగా ముందుకు వస్తుంది. మొన ముందుకు సాగుతుంది, దానితో పాటు లాడమూ ముందుకు జరుగుతుంది, వెనక మడమల కింద ఆధారం పోతుంది. మడమ నలిగి ముందుకు మడుచుకుంటుంది. మీ పక్క ఫొటోలో కుడి ముందుకాలు చూడండి. డెక్క ముందు గోడ వెంబడి ఒక గీత గీయండి, డెక్కకు పైన వాలుగా ఉండే భాగం, దాన్ని పాస్టర్న్ అంటారు, దాని వెంబడి ఇంకో గీత గీయండి. ఆ రెండూ ఒకే వాలులో ఉండాలి. మీ దానికి డెక్క దగ్గరకొచ్చేసరికి గీత వెనక్కి విరిగి, డెక్క చదునుగా పడుకుని ఉంది. లాడం కొసలు మడమ చివరి దాకా రాలేదు, డెక్క పెరిగి వాటి మీదకి ఎక్కేసింది. లాడం కూడా చిన్నది కొట్టారు. డెక్కకు సరిపడా లాడం చేయాలి గానీ, చేతిలో ఉన్న లాడానికి సరిపడా డెక్కను గీకకూడదు.

ఇప్పుడు గుర్రం అడుగు ఎత్తడం ఊహించండి. నేల నుంచి ఆఖరున లేచేది మొన. మొన పొడుగైతే డెక్క తిరగడానికి ఆలస్యమవుతుంది. పొడుగు చెప్పులు వేసుకుని మెట్లు ఎక్కినట్టు. అందుకే తడబాటు.

పశువుల_డాక్టరు_ఒంగోలు | అక్టోబరు 7, రాత్రి 9.55

నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరయ్యాను, ఎక్కువ కాలం ఒంగోలు పశువులతోనే గడిపినా గుర్రాలూ చూశాను. ఫొటో చూసి రోగం తేల్చడం తప్పు కాబట్టి, ఏం గమనించాలో చెప్తాను.

గుర్రం నిలబడిన తీరు ఊరికే రాదు. దానికి కాళ్లు నొప్పి లేకపోతే ముందుకాళ్లు రెండూ నిటారుగా ఒంటి కింద స్తంభాల్లా ఉంటాయి. వెనక కాళ్లలో ఒకటి వదులు చేసి, డెక్క మొన మాత్రం నేలకి ఆనించి విశ్రాంతి తీసుకోవడం మామూలే, మార్చి మార్చి చేస్తుంది. కాళ్లలో కీళ్లు బిగుసుకునే ఏర్పాటు ఉండటం వల్ల అలా నిలబడే కునుకు తీస్తుంది. ముందుకాలు మాత్రం అలా వదులు చేయదు. ఒంటి బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది. ముందుకాలు చాపి పెడుతోందంటే దాని మడమ మీద బరువు పడకుండా తప్పించుకుంటోందని అర్థం.

మీ వీడియోలో డెక్క మొన ముందు తగులుతోంది, తర్వాత మడమ దిగుతోంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి మడమ కాస్త ముందుగా గానీ, మొత్తం డెక్క సమంగా గానీ తగలాలి. డెక్క లోపలి ఎముక వెనక పడవ ఆకారంలో నావిక్యులర్ అనే చిన్న ఎముక ఉంటుంది. కాలి వెనక నుంచి దిగే బలమైన టెండాన్, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది, దాని మీదుగా వంగి వెళ్లి డెక్క ఎముకకు అతుక్కుంటుంది. మొన పొడుగై మడమ కుంగితే, ప్రతి అడుగులోనూ ఆ టెండాన్ బిగిసి ఆ చిన్న ఎముకను నొక్కుతుంది. నెలల తరబడి అలా సాగితే అక్కడ శాశ్వతమైన చెడు జరుగుతుంది. త్వరగా పట్టించుకుంటే చాలావరకు తిప్పుకోవచ్చు.

ఒక కాలికే నొప్పి ఉంటే గుర్రం తల ఊపుతుంది. నొప్పి కాలు నేలకి తగిలినప్పుడు తల పైకి లేపుతుంది, మంచి కాలు పడినప్పుడు కిందికి దించుతుంది. రెండు ముందుకాళ్లూ సమంగా నొప్పి ఉంటే తల ఊపదు, అడుగు పొట్టి చేస్తుందంతే. అప్పుడు చూసేవాళ్లు కుంటడం లేదు కదా, నడుము పట్టేసి ఉంటుందని అనుకుంటారు. నడుము నిజంగానే నొప్పిగా ఉండవచ్చు కూడా. రెండు నెలలుగా ముందుకాళ్లు తప్పించుకోవడానికి భుజాలూ మెడా వీపూ బిగబట్టి నడుస్తోంది, ఆ కండరాలు పట్టేయక ఏమవుతాయి? సూది వేస్తే నాలుగు రోజులు నొప్పి తెలియదు, ఆ నాలుగు రోజులూ అదే డెక్క మీద ఇంకా గట్టిగా నడుస్తుంది.

మూడు ప్రశ్నలు. డెక్క పట్టుకుంటే వేడిగా ఉందా? డెక్కకు పై భాగంలో, వెనక వైపు రెండు పక్కలా వేలు ఆనిస్తే నాడి కొట్టుకోవడం గట్టిగా తెలుస్తోందా? ఏం దాణా పెడుతున్నారు?

గిత్తల_కొట్టం | అక్టోబరు 8, ఉదయం 7.05

మా ఇంట్లో ఒంగోలు గిత్తలు, సంక్రాంతికి బండలాగుడుకు తీసుకెళ్తాం. డెక్క గట్టిపడాలంటే మా పెద్దలు కాల్చిన ఇనుము అడుగున ఆనించేవాళ్లు, తర్వాత పాత ఇంజనాయిల్ పూసేవాళ్లు. ఈ అన్న కూడా అలా చేసి చూడొచ్చు కదా? గుర్రానికి కూడా లాడం ఎద్దుకు వేసినట్టే కదా వేసేది?

లాడం_కొలిమి | అక్టోబరు 8, ఉదయం 8.10

తమ్ముడూ, నువ్వు మంచి ఉద్దేశంతోనే అడిగావు గానీ రెండింటికీ తేడా చాలా ఉంది. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది, ఒక్కో కాలికి రెండు పలకలు, నాలుగు కాళ్లకు ఎనిమిది. ఎద్దును తాళ్లతో పడగొట్టి, కాళ్లు కట్టి కొడతాం. గుర్రం డెక్క ఒకటే ముక్క, నిలబడి ఉండగానే కాలు ఒళ్లోకి తీసుకుని కొట్టాలి, కాబట్టి అది మనల్ని నమ్మాలి.

ఇంకోటి, గుర్రం డెక్క ఇనుప చెప్పులా బిగుసుకుని ఉండేది కాదు. బరువు పడినప్పుడు మడమల దగ్గర కొద్దిగా వెడల్పవుతుంది, బరువు తీస్తే దగ్గరవుతుంది. ఆ కదలిక అడుగు దెబ్బను తట్టుకోవడానికి, లోపల రక్తం ఆడటానికి సాయం చేస్తుంది. అందుకే మేకులు డెక్క వెడల్పైన చోటు దాకా, ముందు సగంలోనే కొట్టాలి. వెనక మడమల దగ్గర కొడితే డెక్కను కట్టేసినట్టే. డెక్క అడుగున గోడ లోపలి అంచు వెంబడి తెల్లగీత కనిపిస్తుంది, మేకు దానికి లోపలికి పోతే ప్రాణం ఉన్న భాగానికి తగులుతుంది, తర్వాత చీము.

పశువుల_డాక్టరు_ఒంగోలు | అక్టోబరు 8, ఉదయం 9.30

కాల్చడం, ఇంజనాయిల్ రెండూ వద్దు బాబూ. అడుగు పల్చగా ఉన్న గుర్రానికి కాల్చిన ఇనుము ఆనిస్తే లోపలి పొర కాలిపోతుంది. ఇంజనాయిల్ పూస్తే మెరుస్తుందే తప్ప గట్టిపడదు. గట్టి డెక్క లోపలి నుంచి, తిండి నుంచీ నడక నుంచీ వస్తుంది.

పెన్నా_గట్టు | అక్టోబరు 8, రాత్రి 10.40

సార్, వేడి లేదు. నాడి పట్టుకుని చూశాను, చాలా వెతికితే గానీ దొరకలేదు, మెల్లగా ఉంది. దాణా ఉదయం సాయంత్రం ఉలవలు, తవుడు, మధ్యలో జొన్న చొప్ప. రోజూ గుప్పెడు బెల్లం పెడతాం. ఊరేగింపులో జనం లడ్డూలు, పులిహోర ఏదంటే అది నోటికిస్తారు, మేము అడ్డు చెప్పేవాళ్లం కాదు.

ఇంకోటి చెప్పాలి. ఈ రోజు కొట్టం కడుగుతుంటే కాలెత్తి శుభ్రం చేశాను, ఎడమ వెనక డెక్క అడుగున, మధ్యలో మెత్తగా ఉండే భాగంలో నల్లగా జిగురులా వచ్చింది, కంపు. నిజం చెప్పాలంటే రోజూ అడుగు గీకే అలవాటు మాకు లేదు, ఊరేగింపు ముందు కడిగి రంగు వేస్తాం, అంతే. పైకి అందంగా కనిపించేది చూసుకున్నాను, కింద ఏముందో చూడలేదు. చాలా బాధగా ఉంది సార్.

పశువుల_డాక్టరు_ఒంగోలు | అక్టోబరు 9, ఉదయం 6.20

బాధపడకండి, మీరు అడిగారు కాబట్టే దారి దొరుకుతోంది.

నాడి మెల్లగా, వేడి లేకుండా ఉండటం మంచి కబురు. నేను భయపడింది ల్యామినైటిస్ గురించి. డెక్క గోడనూ లోపలి ఎముకనూ పట్టి ఉంచే పొరలు వాచి తెగే జబ్బు అది. అప్పుడు ముందుకాళ్లు రెండూ ఒకేసారి ముందుకు చాపి, ఒళ్లు వెనక్కి వాల్చి, వెనక కాళ్లు పొట్ట కిందికి తెచ్చుకుని నిలబడుతుంది. నడిస్తే మడమ ముందు వేస్తుంది, మీ చాందినికి తిరగేసి ఉంది. ఎవరైనా తమ గుర్రంలో ఆ తీరు చూస్తే తెల్లవారే దాకా ఆగకండి, అది అత్యవసరం. దానికి ఒక పెద్ద కారణం గింజలూ తీపీ ఒక్కసారి ఎక్కువగా తినడం. అందుకని బెల్లం ఈ రోజే ఆపండి, లడ్డూలు ఎవరిచ్చినా వద్దనండి. ఉలవలు సగానికి తగ్గించి గడ్డి పెంచండి. నాలుగు వందల కిలోల గుర్రానికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల ఎండు మేత పడాలి, గింజ ఆ తర్వాతే.

నల్ల జిగురు త్రష్ అనే కుళ్లు. అడుగున బాణం మొనలా ఉండే మెత్తటి భాగాన్ని ఫ్రాగ్ అంటారు, గాలి తగలక, ఉచ్చ పేడల తడిలో నిలబడితే దాని పక్క గాళ్లలో సూక్ష్మజీవులు చేరతాయి. రోజుకు రెండుసార్లు గీకి, కడిగి, పొడిబట్టతో తుడిచి, పొవిడోన్ అయొడిన్‌లో ముంచిన దూది గాడిలో పెట్టండి. మైలుతుత్తం గట్టిగా కలిపి పోయకండి, పచ్చి కండ కాలుతుంది. మన దగ్గర అసలు వానలు ఇప్పుడే మొదలవుతాయి, డిసెంబరు దాకా నేల పొడిగా ఉంచడమే మందు.

ధనుర్వాతం టీకా వేయించారా? జంతువుల్లో గుర్రానికి అది చాలా సులువుగా పట్టుకుంటుంది. మేకు గుచ్చుకున్నా చాలు.

మైపాడు_ఇసుక | అక్టోబరు 9, సాయంత్రం 6.45

నేను మైపాడు తీరంలో పిల్లల్ని గుర్రం ఎక్కించి తిప్పుతాను. మా రెండు గుర్రాలకు లాడాలే లేవు, ఐదేళ్లుగా బాగున్నాయి. లాడాలన్నీ పీకేసి వదిలేయండి అన్నా, డెక్క దానంతట అదే సర్దుకుంటుంది. ఇనుము కొట్టడమే అన్ని రోగాలకు మూలం.

లాడం_కొలిమి | అక్టోబరు 9, రాత్రి 9.00

మీ గుర్రాలు ఇసుక మీద తిరుగుతున్నాయి కాబట్టి ఆ మాట మీకు సరిపోతుంది. తారు రోడ్డు మీద గంటల తరబడి నిలబడే గుర్రానికి, అడుగు పల్చబడి ఉండగా, ఒక్కసారిగా లాడాలు పీకితే నాలుగు రోజుల్లో నడవలేని స్థితికి వస్తుంది. వదిలేయడం మాత్రం ఎప్పుడూ కుదరదు. లాడం ఉన్నా లేకున్నా ఐదారు వారాలకు, మహా అయితే ఎనిమిది వారాలకు తరగాల్సిందే. మీ గుర్రాలకు ఎవరు తరుగుతున్నారు?

మైపాడు_ఇసుక | అక్టోబరు 9, రాత్రి 9.25

ఎవరూ తరగలేదు. ఇసుకలో అరుగుతాయి కదా అనుకున్నాను. మీరన్నాక టార్చి వేసి చూశాను, పెద్దదానికి పక్కల అంచులు గంటలా బయటికి విచ్చుకుని, ఒక చోట చీలిక ఉంది. రేపు ఫొటో పెడతాను అన్నా, చూసి చెప్పండి.

కావలి_అక్క | అక్టోబరు 10, ఉదయం 7.30

తమ్ముడూ, నీ మొదటి ఫొటోలో నన్ను ఒకటి తొలుస్తోంది. కొట్టం నేల సిమెంటా? గుర్రం వెనక గోడ దగ్గర నేల పొడిగా ఉంది, తొట్టి కింద నీళ్లు నిలిచాయి. అంటే తొట్టి వైపుకు వాలుందా?

పెన్నా_గట్టు | అక్టోబరు 10, మధ్యాహ్నం 2.10

అక్కా, పక్కింటి తాపీ మేస్త్రీని అడిగి రసమట్టం పెట్టి చూశాను. ఆరడుగులకు మూడంగుళాలు పల్లం. కాలువ ఆ వైపే ఉందని అటు వాలు పోశారు, స్థలం లేక తొట్టి కూడా అటే కట్టాం. అంటే ఇది రోజుకు ఇరవై గంటలు పల్లం వైపు ముఖం పెట్టి నిలబడుతోంది. ఇన్నేళ్లుగా రోజూ ఆ కొట్టంలోకి వెళ్తున్నాను, ఒక్కసారీ తట్టలేదు.

కావలి_అక్క | అక్టోబరు 10, రాత్రి 8.50

అలా నిలబడితే బరువంతా ముందుకాళ్ల మీదకి జారుతుంది, పడకుండా ఆపుకోవడానికి భుజాలు బిగబట్టుకోవాలి. మనం చెరువు కట్ట దిగుతూ మధ్యలో ఆగి నిలబడి చూస్తే పది నిమిషాల్లో తొడలు చెప్తాయి. దాని ముందుకాళ్లు అసలే నొప్పి.

తొట్టి కూడా ఛాతీ ఎత్తులో ఉంది. గుర్రం పుట్టిందే తల కిందికి వంచి మేయడానికి, అప్పుడు మెడ సాగి వీపు పైకి లేస్తుంది, ముక్కులోంచి దుమ్ము కూడా కిందికి జారిపోతుంది. తల ఎప్పుడూ ఎత్తులో పెట్టి తింటే వీపు గుంటపడుతుంది. ఊరేగింపుల్లో కళ్లెం బిగించి తల పైకి లాగి కడతారు చూడు, చూసేవాళ్లకు రాజసంగా ఉంటుంది, నాకు మాత్రం కడుపులో తిప్పేస్తుంది. తల పైకి లాగి, వీపు గుంట చేసి, పైన డెబ్బై కిలోల మనిషిని కూర్చోబెట్టి, నొప్పి కాళ్లతో డప్పుల మధ్య ఆడించడం. దయచేసి ఆ తాడు ఇంకెప్పుడూ కట్టకు.

చేతనైతే సిమెంటు పగలగొట్టి మట్టి దిమ్మిస చేయించు, పైన వరిగడ్డి మందంగా పరువు. గడ్డి కింద పెట్టు, కానీ ఒట్టి ఇసుక మీద పెట్టకు, ఇసుక కడుపులో చేరి నొప్పి తెస్తుంది. రబ్బరు చాప మీద పెట్టు. రోజూ రెండు పూటలా అరగంట మట్టి మీద మెల్లగా నడిపించు. కట్టేసి ఉంచిన గుర్రానికి డెక్కలూ చావే, మనసూ చావే.

పెన్నా_గట్టు | అక్టోబరు 23, రాత్రి 9.15

చాలా రోజులైంది రాసి. చెన్నై నుంచి గుర్రాల డాక్టరు గారిని పిలిపించాం, చిన్న ఎక్స్‌రే మిషను కారులోనే తెచ్చారు. లాడాలు తీసి, రెండు ముందు డెక్కలూ చెక్క దిమ్మెల మీద పెట్టి పక్క నుంచి తీశారు. లోపలి ఎముక వెనక భాగం మొనకంటే కొద్దిగా ఎత్తులో ఉండాలట, మా దానికి కుడి కాల్లో దాదాపు నేలకి సమంగా వచ్చేసింది. ఆ పడవ ఎముకలో మార్పులు ఇంకా కనబడలేదన్నారు. ఆ మాట విన్నాక కొట్టం బయటికి వెళ్లి కాసేపు కూర్చున్నాను.

లాడం_కొలిమి అన్న పొదిలి నుంచి వచ్చారు, డాక్టరు గారితో కలిసి ఎక్స్‌రే చూస్తూ పని చేశారు. ముందు మొన వెనక్కి తరిగి, ఆకురాయితో అంచు గుండ్రంగా చేశారు. నలిగిన మడమను నేను కోసేస్తారనుకున్నాను, చెడిన పొర మాత్రం తీసి మిగతాది ఉంచారు. వెడల్పు లాడం కాల్చి, పట్టెడ మీద మా డెక్కకు సరిపడా వంచి, మడమ చివరి దాకా వచ్చేలా, ముందు అంచు కాస్త వెనక్కి పెట్టి కొట్టారు. రెండున్నర గంటలు పట్టింది, మధ్యలో చాందిని అలిసిపోతే కాలు వదిలి నిలబడనిచ్చారు. అన్నకు మేము ఇచ్చింది ప్రయాణ ఖర్చులకే సరిపోయి ఉంటుంది.

టీకా వేయించాం. తొట్టి వైపు కాలువ పూడ్చి మట్టి పోయించాం.

లాడం_కొలిమి | అక్టోబరు 24, ఉదయం 6.00

ఆ రోజు చాలా ఓపికగా నిలబడింది, దాని గొప్పే. అందరికీ ఒక మాట చెప్పాలి, ఒక్క రోజులో కోణం మొత్తం సరిచేయాలని ఎవరూ చూడకండి. నెలల తరబడి ఆ తీరుకు అలవాటుపడిన టెండాన్, కీళ్లు ఒక్కసారి మారిస్తే కొత్త నొప్పి తెచ్చుకుంటాయి. ఐదు వారాలకు మళ్లీ వస్తాను, మరికొంత వెనక్కి తెస్తాను. మొన దగ్గర పై అంచు నుంచి కింది దాకా పూర్తిగా కొత్త డెక్క రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. అంతదాకా మనం ఆ పాత డెక్కతోనే సర్దుకుంటూ పనిచేయాలి.

గిత్తల_కొట్టం | అక్టోబరు 24, రాత్రి 7.40

ఇది చదివాక మా గిత్తల్ని కూడా సమం నేల మీద నిలబెట్టి చూశాను. ఒకదానికి బయటి గిట్ట లోపలి దానికంటే పొడుగు, ఆ కాలు బయటికి తిరిగి ఉంది. పోటీలో లాగేటప్పుడు ఒక పక్కకు ఈడుస్తుందని తోలేవాడిని తిట్టేవాళ్లం. అన్నా, ఎద్దులకూ మీరు వస్తారా?

లాడం_కొలిమి | అక్టోబరు 24, రాత్రి 9.10

ఎద్దుల కోసం కాకపోతే ఇంకెవరి కోసం వస్తాను తమ్ముడూ. ట్రాక్టర్లొచ్చాక ఈ పని అడిగేవాళ్లే లేరు. ఆదివారం వస్తాను. పోటీ దగ్గర పడ్డాక తరగకూడదు, ఇప్పుడే చేయాలి.

పెన్నా_గట్టు | డిసెంబరు 3, రాత్రి 10.05

రెండోసారి లాడాలు మార్చాం. నవంబరు వానలకు కొట్టం చుట్టూ నీళ్లు నిలిచాయి, రాత్రి రెండుసార్లు లేచి గడ్డి మార్చాను, త్రష్ మళ్లీ రాలేదు. వీపు మీద చెయ్యి ఆనిస్తే పక్కకు జరగడం తగ్గింది, మేము వీపుకు ఏ మందూ వాడలేదు. తారు మీద ఇంకా పొట్టి అడుగులే. నాన్న మాఘమాసం ముహూర్తాలకు ఒప్పుకుందామంటున్నారు, ఇంట్లో డబ్బు ఇబ్బందిగా ఉంది. సార్, డెక్కలకు మంచిదని బయోటిన్ అనే విటమిన్ పెట్టమంటున్నారు, ఉపయోగమా?

పశువుల_డాక్టరు_ఒంగోలు | డిసెంబరు 4, ఉదయం 6.45

రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆరు నుంచి తొమ్మిది నెలలు ఆపకుండా పెడితే కొత్తగా వచ్చే డెక్క నాణ్యత బాగుపడవచ్చు. పాత డెక్కను అది మార్చదు, తరిగే పని తప్పించదు. డబ్బు ఇబ్బందిగా ఉంటే బయోటిన్ మానేసి, ఆ డబ్బు ఐదు వారాలకొకసారి లాడాలకు పెట్టండి.

మాఘం గురించి నాన్నగారికి ఇలా చెప్పండి. ఎక్స్‌రేలో ఎముక ఇంకా చెడలేదు. ఇప్పుడు నాలుగు నెలలు ఆగితే ఇంకా పదేళ్లు పనిచేసే గుర్రం ఉంటుంది. నాలుగు ఊరేగింపుల కోసం తొందరపడితే నొప్పి బిళ్లలతో బతికే గుర్రం మిగులుతుంది. ఒప్పుకోకపోతే నా నంబరు మెసేజ్‌లో పంపుతాను, నేను మాట్లాడతాను.

మైపాడు_ఇసుక | డిసెంబరు 4, మధ్యాహ్నం 12.30

అన్నా, మాఘంలో నాన్నగారు మాటిచ్చేసి ఉంటే మా చిన్న గుర్రాన్ని పంపుతాను, తెల్లది కాదు గానీ శాంతంగా ఉంటుంది. దాని డెక్కలు ఇప్పుడు తరిగించాను, లాడం_కొలిమి అన్నే వచ్చి చేశారు. లాడాల మాట అప్పుడు తొందరపడి అన్నాను, ఏమనుకోకండి.

పెన్నా_గట్టు | జనవరి 27, ఉదయం 5.35

నాన్న ఒప్పుకున్నారు. మాఘంలో చాందిని ఎక్కడికీ పోవడం లేదు. మైపాడు అన్న గుర్రంతో రెండు పెళ్లిళ్లు గడుపుతున్నాం, తల పైకి కట్టే తాడు లేకుండా. ఒక ఇంటివాళ్లు తాడు కట్టమని గొడవ చేశారు, నాన్నే అడ్డం తిరిగి కట్టను పొమ్మన్నారు.

మూడు నెలలకు పై నుంచి కొత్త డెక్క అంగుళం దిగింది. కొత్తదీ పాతదీ కలిసే చోట గోడ మీద గీతలా తెలుస్తోంది, పైన నిటారుగా, కింద ఇంకా చదునుగా. స్లో మోషన్ వీడియో మళ్లీ తీశాను, మట్టి మీద డెక్క సమంగా పడుతోంది. తారు మీద పదిలో ఏడెనిమిది అడుగులు బాగున్నాయి, మిగతావి ఇంకా మొనే ముందు.

ఇప్పుడు కొట్టం గుమ్మంలో కూర్చుని ఇది రాస్తున్నాను. చాందిని నిద్రపోతోంది. ముందుకాళ్లు రెండూ నిటారుగా కింద ఉన్నాయి, వెనక ఎడమ కాలు వదులు చేసి డెక్క మొన నేలకి ఆనించింది. ఇప్పుడే అది మార్చి కుడిది ఆనించింది.

కావలి_అక్క | జనవరి 27, ఉదయం 6.10

ఫొటో తియ్యి తమ్ముడూ. లేపకుండా, దూరం నుంచే తియ్యి.